పాట ఎత్తుకునే మనిషి

ఈ మధ్య మహిళా ఆదివారం నాడు జనగామలో మా చర్చి సంఘం వాళ్లు నన్ను వేదిక ఎక్కించారు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని బైబిల్లో పౌలు రాసిన మాటల్ని ఎలా అర్థం చేసుకోవాలో నాలుగు ముక్కలు చెప్పమని మా పాస్టరు అడిగాడు. మాకు పిల్లలుంటే ఈపాటికి అతని ఈడు వాళ్లే ఉండేవాళ్లు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన నర్సమ్మను, ప్రసంగాలు చేసిన దాన్ని కాదు. అయినా ముసుగు సర్దుకొని, చేతికిచ్చిన మైకు పట్టుకొని, ఆ పత్రిక, అంటే ఆ ఉత్తరం, ఏ ఊరి సంఘానికి రాశాడో, అక్కడ ఎంత గందరగోళం నడుస్తుంటే రాశాడో, స్త్రీ ప్రార్థన చేసేటప్పుడు తల కప్పుకోవాలని అదే పత్రికలో ముందే ఎందుకు చెప్పాడో, నాకు తోచినంత చెప్పి దిగాను. చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే కీబోర్డు మోగింది, గోడమీది తెర మీద పాట అక్షరాలు పడ్డాయి, అందరి కళ్లూ అటు తిరిగాయి.

ఇంటికొచ్చి తాళం తీసి, పొద్దుటి కూర వేడి చేసుకొని తింటుంటే అప్పుడు అనిపించింది, ఇవాళ నేను వేదిక ఎక్కానన్న సంగతి చెప్పుకోవడానికి నాకంటూ ఎవరూ లేరని. మా ఆయన పోయినప్పటి నుంచి ఈ రెండు గదుల్లో మాటలు తక్కువే, దానికి అలవాటు పడ్డాను. కానీ ఆ రోజు చెప్పాలనిపించిన మనిషి మా ఆయన కూడా కాదు. మా అవ్వకు, అంటే మా అమ్మకు, చెల్లెలు, నా చిన్నమ్మ.

మా ఊరు మరిపెడ దగ్గర. చిన్నమ్మను మా ఊళ్లోనే ఇచ్చారు, కాపురం నిలవలేదు, పెళ్లయిన కొన్నాళ్లకే చిన్నాయన జ్వరంతో పోతే మా ఇంటికే వచ్చేసింది. పిల్లలు లేరు, పొలం లేదు, అత్తవారింట్లో చోటు లేదు. ఆమెకంటూ ఉన్నదల్లా రేకుల కప్పు వేసిన మా ప్రార్థన గుడి, అందులో ఎడమ పక్కన స్త్రీల చాపల మీద ముందు వరుసలో గోడకు ఆనుకునే చోటు. మన ఈడు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, అప్పట్లో పల్లె గుళ్లలో వాయిద్యాలు ఎక్కడివి, మహా అయితే ఒక కంజీర. అందుకని ప్రతి సంఘంలోనూ పాట ఎత్తుకునే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి మొదటి పాదం సరిగ్గా అందరి గొంతుకూ అందే ఎత్తులో పాడి ఆగితే, మిగతా జనం అందుకుంటారు. మా గుడిలో ఆ మనిషి చిన్నమ్మ. ఆమె ఎత్తుకుంటే ముసలివాళ్ల గొంతు కూడా చరణం చివరిదాకా తెగేది కాదు. ఆ పని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, ఆమె గొంతును చూసి దానంతటదే వచ్చింది.

మా పాస్టరు అయ్యగారి కింద చాలా ఊళ్లు ఉండేవి కాబట్టి ప్రతి ఆదివారం రాలేకపోయేవాడు. ఆయన రానప్పుడు సంఘ పెద్దగా మా నాన్న, బాపు అనేవాళ్లం, వాక్యం చదివి, తోచింది చెప్పి ముగించేవాడు. ఒక ఆదివారం బాపు చలిజ్వరంతో లేవలేదు, అయ్యగారు ఇంకో ఊళ్లో ఉన్నాడు, మిగతా పెద్దలు నువ్వంటే నువ్వని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే చిన్నమ్మ తన చాప మీద నుంచే లేచి నిలబడి ఆ రోజు వాక్యానికి అర్థం చెప్పింది. ఏం చెప్పిందో నాకిప్పుడు గుర్తు లేదు గానీ తండా నుంచి వచ్చే ఆడవాళ్లు కళ్లు తుడుచుకోవడం గుర్తుంది. ఆ సమయానికి పట్నంలో మహాసభలకు పోయొచ్చిన ఇద్దరు పెద్దలకు ఇది మింగుడు పడలేదు. ఆడమనిషి బోధిస్తే సంఘానికి అవమానమని, వాక్యంలో స్పష్టంగా రాసి ఉందని బాపు మీద పడ్డారు. తరువాతి ఆదివారం బాపు లేచి ఆ మాటలున్న అధ్యాయం చదివాడు. చదువుతున్నంత సేపూ స్త్రీల చాపల వైపు తల తిప్పలేదు.

ఆ తరువాత పాట ఎత్తుకోవాల్సిన సమయం వచ్చింది. అందరం ఎదురు చూశాం. చిన్నమ్మ ముసుగు కిందికి లాక్కొని కూర్చుంది. ఒకరిద్దరు దగ్గారు, ఎవరో ఆమె భుజం తట్టారు కూడా. ఆమె కదల్లేదు. చివరికి ఒక పెద్దాయన తనే ఎత్తుకున్నాడు, ఎంత పైనుంచి ఎత్తుకున్నాడంటే రెండో చరణానికల్లా ఆయన గొంతే తెగిపోయింది. మేం పిల్లలం ముసిముసిగా నవ్వుకున్నాం. కానీ వారం తరువాత వారం అదే జరుగుతుంటే నవ్వు రావడం మానేసింది. చిన్నమ్మ పాడలేదు, సాక్ష్యం చెప్పలేదు, ప్రార్థన చివర ఆమెన్ కూడా అనలేదు. గుడి గడప దాటి ఇంటికొచ్చాక మామూలే, బాపుకు కూర వడ్డిస్తూ బీడీలు తగ్గించమని పోరేది, నాకు జడ వేస్తూ ఊరి కబుర్లన్నీ చెప్పేది. ఉదయం అంత మౌనంగా కూర్చున్నది ఈ మనిషేనా అని నాకు భయం వేసేది. మా అవ్వ మాత్రం ఒకసారి అన్నది, ఇంట్లో ఎంత మాట్లాడినా ఆమె రాత్రి అన్నం సగమే తింటున్నదని.

అయ్యగారు ఊరికి రాగానే సంగతి తెలిసి ఇంటికొచ్చాడు. మంచివాడు, నెమ్మదస్తుడు, చిన్నమ్మను చెల్లెలిలా చూసేవాడు. మంచం మీద కూర్చొని బైబిలు తెరిచి, మాట్లాడొద్దంటే పాడొద్దని కాదని సముదాయించబోయాడు. చిన్నమ్మ స్తంభానికి ఆనుకొని నిలబడి అడిగింది, "ప్రార్థన చేసేటప్పుడు ముసుగేసుకొమ్మన్నడు పౌలు, జర అవుతల మాట్లాడొద్దన్నడు. యాడిదాక నోరు తెరువాల్నో, యాడ మూసుకోవాల్నో నాకు ఎరుక గాదు అయ్యగారు. మీరు చెప్పుండ్రి, గట్లనే చేస్త."

అయ్యగారు చాలాసేపు కాగితాలు తిప్పాడు. తరువాత బైబిలు మూసి, "నాకు సుత కష్టంగనే ఉన్నది చెల్లె. తిమోతికి రాసిన దాంట్ల స్త్రీ బోధించొద్దన్నడు, రోమా వాళ్లకు రాసిన దాంట్ల ఫీబే అనే ఆమెను సంఘ పరిచారకురాలని మెచ్చుకున్నడు. రెండు ఆయన మాటలే. నేను ఒకటి చెప్తే పెద్దలు ఇంకోటి చూపెడ్తరు" అన్నాడు. చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన మీద చిన్నమ్మకు కోపం రాలేదు, జాలే కలిగిందని నాకు తరువాత చెప్పింది.

ఇలా ఈస్టరుకు ముందు శ్రమల దినాలు వచ్చాయి, శుభ శుక్రవారం కూడా ఆమె పెదవి విప్పకుండానే గడిచింది. ఈస్టర్ నాడు మా ఊళ్లో ఇంకా చీకటి ఉండగానే కందీళ్లు పట్టుకొని అందరం ఊరి బయటి బొందలగడ్డకు నడిచి, ఎవరి వాళ్ల సమాధి దగ్గర వాళ్లు నిలబడి, తూర్పు తెల్లబడే వేళకు పునరుత్థానపు పాట పాడేవాళ్లం. ఆ ఏడు ఎవరు ఎత్తుకుంటారో తెలియక అందరం చలిలో నిలబడి ఉన్నాం. అప్పుడు చిన్నాయన సమాధి దగ్గర నుంచి ఆ గొంతు లేచింది. అన్ని నెలలు దాచుకున్న గొంతు, కొద్దిగా కూడా చెడలేదు. ఒక్క పాదం పాడి ఆగింది. అందుకోవాల్సిన మేం ఏడుపు ఆపుకొని అందుకునేసరికి కొంచెం ఆలస్యమైంది.

పాట అయ్యాక ఆమె అక్కడే నిలబడి మాట్లాడింది. "సమాధి కాడికి ముందుగాల పోయింది ఆడోళ్లు. పోయి తన శిష్యులకు చెప్పుమని ప్రభువే తోలిండు. వాళ్లు నోరు మూసుకొని ఇంటికి పోతే ఇయ్యాల మనకు ఈ పండుగ యాడిది?" అన్నది. మహాసభల పెద్దాయన గొంతు సవరించుకోగానే ఆయన వైపు కాక బాపు వైపు చూసి, "గిది గుడి గాదు బావా, బొందలగడ్డ. ఈడ మౌనంగ ఉండేటోళ్లు కింద పండుకున్నరు" అన్నది. ఎవరో నవ్వారు, తరువాత అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు, కందీలు పైకెత్తి ఆమె మొహం మీద వెలుగు పడేలా పట్టుకున్నాడు. ఆమె మాట్లాడినంత సేపూ అలాగే పట్టుకొని నిలబడ్డాడు.

ఆనాటి నుంచి ఏటా ఒక్క ఉదయం, సమాధుల మధ్య మాత్రమే ఆమె పాడింది, మాట్లాడింది. గుడిలో మళ్లీ నోరు విప్పలేదు. పెద్దలు మారారు, కొత్త అయ్యగారు వచ్చి బతిమాలాడు, ఆమె ముసుగు కిందికి లాక్కోవడం మానలేదు. నాకు చిట్యాల దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చాక నేను ఏ పండుగకు పోయినా పోకపోయినా ఈస్టరుకు మాత్రం ముందురోజే బస్సెక్కేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి అడిగాను, నిజంగా వాక్యానికి లోబడే ఊరుకున్నావా, కోపంతోనా అని. "కోపమైతే నోటితోని అందును గాని నోరెందుకు మూసుకుందును బిడ్డా" అన్నది, ఆ తరువాత చాలాసేపు కుట్టు పనిలో తల ఎత్తలేదు. ఆ తల ఎత్తకపోవడంలో ఎంత ఒంటరితనం ఉందో అప్పుడు నాకు అందలేదు. ఇప్పుడు ఈ గదుల్లో కూర్చుంటే అందుతోంది. గుడే ఇల్లనుకున్న మనిషి, ఆ ఇంట్లో అతిథిలా బతికింది.

ఆమె పోయినప్పుడు చిన్నాయన పక్కనే పెట్టాం. ఆ రోజు బాపే పాట ఎత్తుకున్నాడు. మరీ పైనుంచి ఎత్తుకోవడంతో రెండో చరణంలో గొంతు తెగింది, జనమంతా ఆగి ఆయన సర్దుకునేదాకా నిలబడ్డారు. ఆ తరువాత ఆయన కూడా ఎక్కువ కాలం ఉండలేదు.

మహిళా ఆదివారం నాడు చప్పట్లు విన్నాక నాకు మనసు నిలవలేదు. ఈ ఈస్టరుకు జనగామలో ఉండకుండా మా ఊరు పోయి ఒక దూరపు చుట్టాల ఇంట్లో తలదాచుకొని, చీకటి ఉండగానే లేచాను. బొందలగడ్డకు ఇప్పుడెవరూ రావడం లేదట. కొత్త మందిరంలో పెద్ద సౌండు పెట్టి తెల్లవారుజాము ఆరాధన చేస్తున్నారు, అందులో మా వాడ ఆడపిల్లే నిలబడి వాక్యం చెబుతుందట. విని నా కడుపు నిండింది, అబద్ధం చెప్పను. ఫోను వెలుగులో తుప్పలు తప్పించుకుంటూ పోయి చిన్నమ్మ దగ్గర నిలబడ్డాను. నేను వేదిక ఎక్కిన సంగతి చెప్పాను. మౌనంగా ఉండాలన్న మాటకు నేను చెప్పిన అర్థం కూడా చెప్పాను, తప్పయితే దిద్దమని. దూరంగా మందిరంలో కీబోర్డు మొదలైంది. నేను మా పాత పాట ఎత్తుకున్నాను, ఆమె ఎత్తుకునే ఎత్తులోనే. మొదటి పాదం అయ్యాక ఆగాను, అందుకునేవాళ్ల కోసం ఆగడం చిన్ననాటి అలవాటు. ఇప్పుడు మమ్మల్ని ఊరుకోమనేవాళ్లు ఎవరూ లేరు, ఒకరు ఎత్తుకుంటే అందుకోవడానికి చలిలో నిలబడే వాళ్లూ లేరు. కాసేపు చూసి, రెండో పాదం కూడా నేనే పాడుకున్నాను.