నోరు మూసుకున్న నీటిపెట్టెలు

నీటిపెట్టెలకు నోరు మూసుకోవడం నేర్పింది నేను. రిపోర్టులో పేరు మాత్రం ఇంజనీరుది. ఏళ్ళ తరబడి నాకు ఒళ్ళు మండుతూనే ఉండేది.

ఆ రోజుల్లో, నల్లవాళ్ళతో సహా అందరికీ ఓటు వచ్చిన కొత్తలో, దేశమంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది. మా తాతలు ఓడెక్కి కూలికొచ్చిన ఉమ్‌కోమాస్ చెరకు తోటల్లో నది ఒడ్డునున్న పెట్టెలు అంతకుముందు నుంచే మాట్లాడుతున్నాయి. నీటిమట్టం కొలిచి రేడియోలో పంపుహౌస్‌కు చెప్పడం వాటి పని. నీళ్ళు అంగుళం కదలకపోయినా నిమిషానికోసారి ‘రెండడుగులు, రెండడుగులు’ అని అరిచేవి. వారం తిరక్కుండానే బ్యాటరీ చచ్చేది. కొత్తది భుజాన వేసుకుని చెరకులోంచి మోసేదెవరు? (డిగ్రీ ఉన్నవాళ్ళకు భుజాలుండవు.) పాత పుస్తకాలు ముందేసుకుని రేడియో నేర్చుకున్న నేనే.

షాల్‌క్రాస్‌లో బంధువుల పెళ్ళికి పప్పు వడ్డిస్తూ, ప్రతి ఆకు దగ్గరా “వెయ్యనా? వెయ్యనా?” అని గొంతు పోగొట్టుకుంటుంటే అమ్మ కసిరింది: “ఒరే ఎర్రిమొగవా, కావల్సినోడు పిలుత్తాడు. ఊరికే నోరెందుకు అరగదీత్తావ్?”

సోమవారం ఇంజనీరుతో అన్నాను: నీళ్ళు కదిలితేనే పెట్టె మాట్లాడాలి, లేకపోతే నిద్రపోవాలి.

“ఏ కాలేజీలో చెప్పారిది?”

“పెళ్ళి పందిట్లో సార్.”

ఆయన నవ్వాడు. నేను ఆయనకు చెప్పకుండానే మూడు పెట్టెల్లో తీగలు మార్చేశాను. బ్యాటరీలు నెలలు నిలిచాయి. కాలరెగరేశాను. తర్వాత వానలు పట్టాయి. మూడో పెట్టె పలకలేదు. “నీళ్ళు కదల్లేదు సార్” అని ధీమాగా టీ తాగాను. తీరా చూస్తే, చీమలు గూడు కట్టి ఆ పెట్టె ఎప్పుడో చచ్చింది. హెచ్చరిక అందక పంపుహౌస్ నడుముదాకా మునిగింది.

అమ్మకు చెబితే, “పిలవలేదంటే కడుపు నిండిందో, ఆకు ముందు మడిసే లేడో, ఒకపాలి సూసుకోవద్దూ?” అంది. అప్పటినుంచి పెట్టెలు రోజూ పొద్దున ఒక్కసారి ‘ఉన్నాను’ అనేలా చేశాను.

ఇంజనీరు ఇదంతా తన పేరుతో పైవాళ్ళకు రాశాడు. నేను మొదటి పేజీ చదివి, కోపంతో రెండోది తిప్పలేదు. ఆయన రిటైరైనా నేను వదల్లేదు. ‘పద్ధతి నాదని ఒప్పుకోండి’ అని ఏటా ఒక ఉత్తరం. (“నువ్వూ ఆ పాత పెట్టెలాగే అరుస్తున్నావు” అని మా ఆవిడ.) పోయినేడు జవాబొచ్చింది. నిలబడే చదివాను. ఆ రోజు ధీమాగా టీ తాగిన కుర్రాణ్ణి తలచుకుంటే, చాలాసేపటికి, నాకే నవ్వొచ్చింది. అందులో ఉన్నది ఇంతే:

“పద్ధతి నీదే. చెప్పకుండా తీగలు మార్చి పంపుహౌస్ ముంచిందీ నువ్వే. నీ ఉద్యోగం పోకూడదని రెండూ నా పేరనే రాశాను. ఇప్పుడు దిద్దమంటావా? దిద్దితే రెండూ దిద్దాలి.”