జీపు అమ్మాకే సంతకం

కిరండూల్ రైల్వే కాలనీలో బట్టలు కుట్టే ప్రసన్నకుమారికి మొగుడి మీద కోపం ఎప్పుడో పోయింది. మిగిలింది ఏవగింపే.

ఆ మొగుడు, పాల్, రైల్వే స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. దంతెవాడకు కిరాయికి తిప్పుతానని జీపు కొని, బ్యాంకు అప్పు కాగితాల మీద ఆమె చేత కూడా సంతకం పెట్టించాడు. కిరాయికి ఒక్కసారీ తిప్పలేదు. సంతల్లో కోడిపందేలకు మాత్రం తిరిగాడు. ముందు సీట్లో తువ్వాలు పరిచి పుంజును కూర్చోబెట్టేవాడు, పెళ్ళాన్ని వెనక. పుంజుకు బాదంపప్పు. ఇంట్లోకి నూనె కావాలంటే మాత్రం విసుగు.

పందెం ఓడిన రోజు అతని అరుపులకు ఆమె హడలిపోయేది. ఒకనాడు అలాగే ఓడి వచ్చి ఆమె కుట్టుకూలి లాక్కున్నాడు. ఆమె కుట్టుమిషను ఆటోలో వేసుకుని వేరే గదికి వెళ్ళిపోయింది. రెండేళ్ళు గడిచాయి. జగదల్‌పూర్‌లో మరో సంబంధం కుదుర్చుకున్న పాల్, ఇద్దరం ఒప్పుకుని విడాకులు తీసుకుందామని కబురు పెట్టాడు. మాట్లాడుకోవడానికి ఇద్దరూ చర్చి పెద్ద భూషణం ఇంట్లో కూర్చున్నారు.

"అప్పులో సగం దానిదే బాబూ. సంతకం ఎట్టింది కదా," అన్నాడు పాల్.

"ఆ జీపులో నాను ఎక్కడ కూకున్నానో ముందది సెప్పు," అంది ప్రసన్నకుమారి.

భూషణం నవ్వు ఆపుకున్నాడు. చివరికి పాల్ పెద్ద దాతలా చెయ్యూపాడు. జీపు తనకే, అప్పంతా తనదే. ఆమె భరణం అడగకూడదు. పీడ వదిలితే చాలని ఆమె సరేనంది. కానీ వాడి ఔదార్యం మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. మర్నాడే బ్యాంకుకు వెళ్ళి అడిగింది.

"మీలో మీరు ఏం రాసుకున్నా మా దగ్గర ఇద్దరి పేర్లూ ఉంటాయమ్మా. ఆయన కట్టకపోతే మిమ్మల్నే అడుగుతాం," అన్నాడు అక్కడి ఆఫీసరు హిందీలో.

తిన్నగా భూషణం దగ్గరికి వచ్చింది. "జీపు అమ్మి అప్పు తీర్చాకే కోర్టులో సంతకం ఎడతాను బాబూ. నా మిషనూ ఆ అప్పు డబ్బుతోనే కొన్నాం, దాని వంతు నాను కడతాను. పుంజుల ఖర్చు నాకెందుకు?"

పాల్ ఆమె గది ముందుకొచ్చి అరిచాడు. ఆమె గుడ్డ కత్తిరిస్తూనే ఉండేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"జీపు నేకపోతే నలుగురిలో నాకేటి మరియాద?"

"ఇప్పుడు ఉందనుకుంతన్నావేటి?" అంది, కత్తెర కింద పెట్టకుండానే.

అవతల పెళ్ళి తొందర. జీపును బచేలి వ్యాపారికి అమ్మాడు. తక్కువపడినదానికి తన పీఎఫ్ లోంచి తీశాడు. మిషను వంతు ఆమె కట్టింది. బాకీ లేదని బ్యాంకు రాసిచ్చాకే కోర్టు మెట్లెక్కి సంతకం పెట్టింది.

బయట పాల్, తన వకీలు చెయ్యి పట్టుకుని, పెళ్ళాం తనని ముంచేసిందని ముక్కు చీదుతున్నాడు. ప్రసన్నకుమారి ఒక్క నిమిషం నిలబడి చూసింది. ఇన్నేళ్ళూ భయపడింది వీడికా అని ఆమెకు సిగ్గేసింది.