కల్వర్టు దగ్గర అప్పయమ్మ

మాడుగుల బస్సు హారన్ మోగితే చాలు, మరుగుతున్న నూనెలో గరిటె వదిలేసి, పకోడీలు మాడినా లెక్కచెయ్యక, పోలీసులు తరుముతున్నట్టు పరుగెత్తేది అప్పయమ్మ. చోడవరం శివారులో ఆమె కొట్టు పక్కన కల్వర్టు ఇరుకు. అక్కడ బస్సు నత్తకంటే నెమ్మదిగా నడిచేది. మాడుగుల హల్వా అమ్ముకోవడానికి రోజూ చోడవరం వెళ్ళే ఆమె అప్ప, అంటే అక్క, సన్యాసమ్మ కిటికీలోంచి చెయ్యి చాపేది. రెండిళ్ళ మగాళ్ళకీ పొలం గట్టు తగువు, రాకపోకల్లేవు. అక్కచెల్లెళ్ళకి మిగిలింది ఆ కిటికీ ఒక్కటే. "జొరం తగ్గిందేటే?" అని ఇవాళ అడిగితే జవాబు రేపటి బస్సుకి. ఒక పెళ్ళి కబురు పూర్తయ్యేసరికి ఆ పెళ్ళికూతురు తల్లయిపోయేది.

రోడ్డు వెడల్పు చేస్తానని కాంట్రాక్టరు కల్వర్టు తవ్వి మాయమయ్యాడు. బస్సు చుట్టుదారి పట్టింది. ఊరంతా లోకాయుక్తకి అర్జీ పెడితే మొదటి వేలిముద్ర అప్పయమ్మదే. విచారణాధికారి వచ్చి అందర్నీ నిలదీశాడు. వానల్లోగా కల్వర్టూ, మొహం చూసుకునేంత నున్నటి రోడ్డూ వచ్చేశాయి. మళ్ళీ ఆయనే వచ్చి, సమస్య తీరిందని సంతకాలు పెట్టమన్నాడు. అందరూ పెట్టారు. అప్పయమ్మ మాత్రం వేలు కొంగులో దాచేసుకుంది. "ఏటే అప్పయమ్మా, రోడ్డేసినా ఏడుపేనా?" అన్నారెవరో వెనకనుంచి. "రోడ్డు బాగుంది బాబూ," అంది ఆమె అధికారితో. "బస్సే గాలిలాగ ఎలిపోతంది. కిటికీలో మా అప్ప నోరు కదుపుతంది, ఏటందో ఇనపడ్డం లేదు." "మరేం చెయ్యమంటావమ్మా?" "ఇక్కడ ఆపించండి బాబూ. నేను ఎక్కను, అప్ప దిగదు. కూసింతసేపు నిలబడితే సాలు." నవ్వబోయిన జనం ఆగిపోయారు. ఆయన ఇంకుప్యాడు మూసేసి, ఆమె పేరు పక్కన 'తీరలేదు' అని రాసుకున్నాడు.