రెండంతస్తుల మెట్లు

మా ఆయనకు గుండెలో స్టెంట్ వేసి ఇంటికి పంపిన రోజే, ఆయన పెద్దక్క మా మంచాలు విడదీసింది. ఆయన మంచం ముందు గదిలోకి మారింది. నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

“ఇగ వాని జోలికి పోకు పిల్లా. మా వాడకట్టుల ఒకాయన గట్లనే పోయిండు. ఆయన పెండ్లాం ఎవ్వరికీ మొకం సూపియ్యలేకపోయింది.”

అప్పటికి ఆయనకు నలభై తొమ్మిది, నాకు నలభై నాలుగు. బోధన్‌లో ఆయనది మోటార్ల వైండింగ్ దుకాణం, నాది బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం. ఇరవై రెండేళ్ల కాపురంలో ఎంత పోట్లాడుకున్నా పడక దగ్గర మళ్లీ కలిసిపోయేవాళ్లం. ఆ సంగతి మంచాలు వేరయ్యాకే నాకు తెలిసింది.

వదిన వెళ్లిపోయింది గానీ ఆమె మాట ఇంట్లోనే ఉండిపోయింది. ఆయన తింటూ దగ్గితే నా చేతిలో గరిటె ఆగేది. ఆదివారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తే, గుమ్మంలో నిలబడి ఊపిరి ఆడుతోందా అని చూసేదాన్ని. మందులు అందిస్తూ వేళ్లు తగిలితే ఇద్దరం చేయి వెనక్కి తీసుకునేవాళ్లం. మూడు నెలలకు ఆయన దుకాణానికి పోసాగాడు గానీ మాటలు తగ్గిపోయాయి. సరిగా నిద్ర లేదు. ఎన్ని మందులు మింగినా బీపీ దిగలేదు.

ఒక సాయంత్రం తల దువ్వుకుంటూ అడిగాడు.

“రేపు దవాఖానల సూపెట్టుకొని వచ్చినంక, మళ్ల బడికి పోతవా?”

“ఎందుకు?”

“ఊకెనే. సెలవు పెట్టరాదు.”

ఆయన నా వైపు చూడలేదు. ఏమి అడుగుతున్నాడో అర్థమై, నాకు వదిన మాటే గుర్తొచ్చింది.

మరునాడు నిజామాబాద్‌లో గుండె డాక్టరమ్మ రిపోర్టులన్నీ చూసింది. “ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుంది. మరి బీపీ ఎందుకు దిగట్లేదు? ఏమన్నా దిగులు పెట్టుకున్నారా?”

ఆయన గోడ వైపు చూశాడు. నేనే నోరు విప్పాను. “మేడమ్, మేము ఇదివరకు లాగా ఉండవచ్చా? ఆలుమగల్లాగా?”

ఆమె నవ్వలేదు. “ఎవరు వద్దన్నారమ్మా? ఆగకుండా రెండంతస్తుల మెట్లెక్కి, ఆయాసం, ఛాతీలో నొప్పి రాకపోతే దానికీ భయం లేదు. నడక ఎంత మంచిదో అదీ అంత మంచిదే. నిద్ర పడుతుంది, మనసు తేలికవుతుంది.” కలం అందుకుంటూ అడిగింది. “నేను రాసినవి కాక వేరే మందులేమైనా వాడుతున్నారా?”

ఆయన చొక్కా జేబులోంచి నీలం మాత్రల పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు.

“దోస్తు ఇచ్చిండు మేడమ్. మగతనం తగ్గిందేమోనని... ఇయ్యాల ఏసుకుందామనుకున్న.”

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. “వేసుకున్నారా?”

“లేదు.”

“నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకొమ్మని నేనిచ్చిన మాత్రా, ఇదీ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. మనిషి దక్కడు.” పట్టీని చెత్తబుట్టలో వేసింది.

నాకు ఆయన అనుకున్న ఆ మధ్యాహ్నం మొత్తం కళ్లముందు కనబడింది. ఆయన ఛాతీ పట్టుకుంటాడు. నేను పరుగెత్తి సీసా తెస్తాను. నా వేళ్లతోనే ఆయన నాలుక కింద మాత్ర పెడతాను. ఆ తర్వాత, నా వల్లే పోయాడని వదిన అంటుంది. నిజమే అనుకుని బతుకుతాను.

గదిలోంచి బయటికొచ్చి ఆసుపత్రి మెట్లెక్కాం. ఆయన ముందు, నేను వెనుక. రెండో అంతస్తులో ఆగి, “సూడు, దమ్ము రాలే” అన్నాడు.

ఆ రోజు ఏమీ జరగలేదు. మంచాలు మాత్రం కలిపాం. కొన్ని వారాలకు భయం కొంచెం సడలింది, ఒకరికొకరం దగ్గరయ్యాం. ఆయనకు నిద్ర పట్టసాగింది. తర్వాత బీపీ కూడా దిగింది. మందుల వల్లనో, నడక వల్లనో, మా వల్లనో నేను అడగలేదు.

చాలా రోజుల తర్వాత, చాయ్ తాగుతూ ఆయన చెప్పాడు.

“దవాఖానకు పోయిన పొద్దుగాల, ఎట్లుంటదో సూద్దామని ఆ నీలం గోలీ సగం ఇరిసి చేతిల పట్టుకున్న. నీళ్లు సుత ముంచుకున్న. గప్పుడే బస్సొచ్చిందని నువ్వు పిలిస్తివి, ఆడ్నే పడేసి వచ్చిన.”

గ్లాసు కింద పెట్టి, ఆయన మణికట్టు పట్టుకుని కూర్చున్నాను.