పదకొండు ముళ్ళ తాడు

ఆ రోజుల్లో ఏదైనా పోతే ముందు లెక్క వేసుకుని, ఆ తర్వాత బాధపడడం నాకు అలవాటు. బందరులో రాక్షసబల్లుల ప్రదర్శన చూడ్డానికి వెళ్ళిన ఆ ఆదివారం మేము పోగొట్టుకున్నవి ఇవి: చెప్పులు మూడు (జతలు కావు, విడివిడిగా మూడు, అందులో రెండు ఎడమకాలివి), పులిహోర డబ్బా మూత ఒకటి, ఎర్ర రిబ్బను ఒకటి, మా చిన్నాన్న గొడుగు ఒకటి, వీడు లెక్క తప్పడు అని నాకున్న పేరు ఒకటి, ఆఖరుగా మా అక్క కూతురు ఒకతె. గొడుగు దాకా పోయినవేవీ మళ్ళీ కనబడలేదు. పేరు సంగతి మీరే తేలుద్దురుగాని. అక్క కూతురి సంగతి చెబుతాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. పదో తరగతితో చదువు ఆపేసి, అవనిగడ్డ దగ్గర ఒక రైసుమిల్లులో ధాన్యం బస్తాలు లెక్కపెట్టే పనిలో చేరాను. ఎక్కాలు ఇరవై దాకా బళ్ళో చెప్పినవి, ఆపైన ముప్పై దాకా నాకు నేనే కట్టుకున్నవి. లారీ మీంచి బస్తాలు దిగుతుంటే పక్కవాడితో సినిమా కబుర్లు చెబుతూ కూడా లెక్క తప్పేవాణ్ణి కాదు. అందుకని, బందరులో కదిలే రాక్షసబల్లులు వచ్చాయట, పిల్లాపాపలతో వెళ్ళి చూడొచ్చట అని ఊరంతా మోగిపోయినప్పుడు, మా వీధిలో ఆడవాళ్ళంతా కలిసి పదకొండు మంది పిల్లల్నీ నాకు అప్పగించారు. ఒప్పుకోనిది మా మామ్మ ఒక్కతే. మా నాన్నగారి తల్లి. దీపాలు పెట్టేవేళ ఇంట్లో పిల్లలందర్నీ పేరుపేరునా పిలిచి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి చూసుకునేది. మనుషుల్ని ఒకటీ రెండూ అని లెక్కపెడితే ఆవిడకి గిట్టదు. పేరైతే మర్చిపోతావు మామ్మా, అంకె మర్చిపోవు అని నేను నవ్వేవాణ్ణి. ఆవిడ నవ్వేది కాదు.

పిల్లలు తప్పిపోకుండా నేనొక ఉపాయం పన్నాను. మంగినపూడిలో పెద్దవాళ్ళు పిల్లల చేత తాడు పట్టించి అలల్లోకి దింపడం ఒకసారి చూశాను. అలాగే ఒక కొబ్బరితాడుకి మూరకొక ముడి చొప్పున పదకొండు ముళ్ళు వేశాను. ముడికొక పిల్ల. ముళ్ళ మీద చేతులు లెక్కపెడితే చాలు, మొహాలు చూడక్కర్లేదు. (ఆ తెలివికి నేనెంత పొంగిపోయానో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.) బస్సు ఎక్కేముందు మా అక్క తన ఒక్కగానొక్క కూతుర్ని నా దగ్గరికి తోసి, "ఒరేయ్, దీని చెయ్యి మాత్రం వదలకురా" అంది. తాడుంది కదక్కా అన్నాను. ఎవరైనా తప్పిపోతే ఉన్నచోటే నిలబడండి అని పిల్లలకీ చెప్పాను.

ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. అందరం గోరింక అని పిలిచేవాళ్ళం. నిద్రలేచింది మొదలు ప్రశ్నలే. బందరు చేరేలోపు నన్నడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పాలంటే నేను పదో తరగతి మళ్ళీ చదవాలి.

ప్రదర్శనకి అదే ఆఖరు రోజు. బందరు జనమంతా అక్కడే ఉన్నట్టున్నారు. భుజాల మీద పిల్లలు, చేతుల్లో బెలూన్లు, వేయించిన మొక్కజొన్న వాసన. రేకుల షెడ్డులో రబ్బరు చర్మం కప్పిన బొమ్మలు మోటార్ల మీద తలలు ఊపుతుంటే, వెనక క్యాసెట్లోంచి గర్జనలు. రెండో గది చీకటి గది. ఆకాశం నుంచి ఏదో పడి ఆ జంతువులన్నీ ఎలా పోయాయో అక్కడ చూపిస్తారు. ఎర్ర లైట్లు వెలిగి, నేల అదిరే చప్పుడు వస్తుంది. బోర్లా పడిన పెద్ద బొమ్మల మధ్య ఒక గూడు, అందులో పగిలిన గుడ్లు, ఒక చిన్న పిల్లబొమ్మ. గోడ మీద బోర్డులో ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం అని రాసి ఉంది. అంత పెద్ద అంకె కనబడితే నేను ఊరుకోగలనా? మనిషికి డెబ్బై ఏళ్ళు చొప్పున వేసుకుంటే ఎంతమంది జీవితాలు ఒకదాని వెనక ఒకటి పేర్చాలా అని గాల్లో వేలితో భాగించడం మొదలుపెట్టాను. గోరింక నా చొక్కా పట్టుకుని లాగింది.

"మావయ్యా, అన్నీ ఒకేసారి పోయాయా?"

"ఒకేసారి."

"ఒక్కటి కూడా మిగల్లేదా?"

"సున్నా."

"పిల్లలు కూడానా?"

"ఉండవే, లెక్క తప్పుతుంది" అన్నాను.

తొమ్మిది లక్షల ఇరవై ఎనిమిది వేల అయిదు వందల డెబ్బై ఒకటి వచ్చింది. ఆ అంకె ఇప్పటికీ నాకు గుర్తుంది. అప్పుడే మళ్ళీ చప్పుడు మొదలై జనం తోసుకున్నారు. నేను తాడు పట్టుకుని పిల్లల్ని తరువాతి గదిలోకి లాక్కెళ్ళి, గుమ్మం దగ్గర ముళ్ళు తడిమి చూసుకున్నాను. పదకొండు ముళ్ళు, పదకొండు చేతులు. ఆఖరి గదిలో, ఆ నాశనం నుంచి బయటపడ్డవాటి చుట్టాలు అంటూ ఒక తాబేలు, ఒక మొసలి, అద్దాల పెట్టెలో ఒక నాటుకోడి. పక్షులన్నీ ఆ బల్లుల సంతానమేనట. మా పెదనాన్న మనవడు కోడిని కాసేపు చూసి, "దీనికోసం బందరు రావాలా బాబాయ్? మన పాకలో ఇరవై ఉన్నాయి" అన్నాడు. టిక్కెట్టు డబ్బులు తిరిగి అడగమని మిగతా పిల్లలు గొడవ.

బయట ముళ్ళు లెక్కపెట్టాను, సరిపోయింది. బస్సులో వెనక సీట్లోంచి తలలు లెక్కపెట్టాను, సరిపోయింది. కండక్టరు పదకొండు అర టిక్కెట్లు కొట్టాడు. ఊళ్ళోకి ఎంత దర్జాగా నడిచి వెళ్ళాలో, మామ్మతో ఏమనాలో అనుకుంటూ కూర్చున్నాను. చల్లపల్లి ఇంకా రాకముందే ఎక్కడో ఏదో తేడాగా అనిపించింది. బస్సు మరీ ప్రశాంతంగా ఉంది. ఎవరూ ఏమీ అడగడం లేదు.

గోరింకా అని పిలిచాను. పలకలేదు. లేచి ఒక్కొక్క మొహం చూసుకుంటూ వెళ్తే, నాలుగో సీట్లో జంతిక నములుతూ, గళ్ళ చొక్కాలో, నేనెన్నడూ చూడని పిల్లాడొకడు. ఎవరి బాబువిరా అంటే మా నాన్న బాబుని అన్నాడు. ఊరు గుడివాడ అట. తాడెందుకు పట్టుకున్నావంటే, "అందరూ పట్టుకున్నారుగా" అన్నాడు. మా పిల్లల్ని అడిగితే, నువ్వెవరో చుట్టాల పిల్లాణ్ణి ఎక్కించావనుకున్నాం, గోరింక నీ పక్కన కూర్చుందనుకున్నాం అన్నారు.

పిల్ల తప్పిపోయింది, బస్సు ఆపండని నేను అరిస్తే కండక్టరు కంగారుపడి, పదకొండు టిక్కెట్లు కొట్టాను, పదకొండు మందీ ఉన్నారు, తప్పిపోయిందెవరండీ అన్నాడు.

"లెక్క సరిగ్గానే ఉందండి. పిల్లే లేదు" అన్నాను.

ఎదురొచ్చిన బస్సులో అందర్నీ ఎక్కించి వెనక్కి మళ్ళాను. దారి పొడుగునా మా అక్క మొహమే కళ్ళముందు. బందరు కాలవలు, చేపల చెరువులు, చీకటిపడే రోడ్లు, ఆ పిల్ల ఎర్ర రిబ్బను. ఆ అరగంట నేను ఒక్క అంకె కూడా అనుకోలేదు. దేవుణ్ణి కూడా దాని పేరుతోనే అడిగాను.

షెడ్డు దగ్గర బొమ్మల తలలు ఊడదీసి లారీలోకి ఎక్కిస్తున్నారు. లోపల చీకటి గదిలో, ఆ గూటి పక్కన, మా గోరింక నిలబడి ఐస్‌క్రీమ్ తింటోంది. ఎదురుగా కుర్చీలో ఒక భారీ మనిషి చెమటలు తుడుచుకుంటున్నాడు. వెనక ఒకావిడ ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉంది. గళ్ళ చొక్కావాణ్ణి చూడగానే ఆవిడ ఎత్తుకుని మళ్ళీ ఏడ్చింది. ఆయన కొడతాడనే అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"రండి బాబూ. మావాణ్ణి ఎవరో ఎత్తుకుపోయారని మా ఆవిడ ఒకటే గోల. ఈ పాప చెప్పిన తాడు సంగతి విని, ఎత్తుకుపోయేవాళ్ళు బంగారంలాంటి పాపని వదిలేసి పోరు, ఇదెవరో కంగారు మనిషి పనై ఉంటుంది, వస్తాడులే అన్నాను. బయట కూర్చుందాం రామ్మా అంటే కదల్దే. ఈ గంటలో నన్ను అడగని ప్రశ్న లేదండి" అన్నాడు.

తాడెందుకు వదిలావే అన్నాను.

"గూట్లో చిన్నది ఒక్కతే ఉందని చూశాను మావయ్యా. ఈలోగా మీరు లేరు. తప్పిపోతే ఉన్నచోటే నిలబడమన్నావుగా. నిలబడ్డాను."

ఇంటికి చేరేసరికి మామ్మ వీధిలోనే ఉంది. జరిగిందంతా నేను నోరు విప్పకముందే గోరింక చెప్పేసింది. మా అక్క నా మొహం కూడా చూడకుండా కూతుర్ని దగ్గరికి లాక్కుంది, అదే ఎక్కువ బాధ. మామ్మ మాత్రం పదకొండు మందినీ పేరుపేరునా పిలిచి తలలు తడిమి, ఆఖరికి నా తల మీద కూడా చెయ్యి వేసింది. లెక్క సరిపోయింది మామ్మా, అందుకే మోసపోయాను అన్నాను.

"ఉప్పెన తర్వాత బళ్ళో కూర్చోబెట్టి మమ్మల్నీ లెక్క రాసుకున్నార్రా. మన ఇంటికి ఏడుగురన్నారు. ఏడుగురమే ఉన్నాం. అందులో ఒక పిల్ల మనది కాదు" అంది. "దాని పేరు అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది" అంది. అప్పటిదాకా పెట్టని దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

గోరింకకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. (ఆ గుడివాడ అబ్బాయిని పెళ్ళి చేసుకోలేదు. ఈ కథ విన్న ప్రతివాళ్ళూ అదే అడుగుతారు.) మామ్మ లేదు. సెలవులకి పిల్లలంతా మా ఇంట్లో చేరినప్పుడు, దీపాలు పెట్టేవేళ నేనే పేర్లు పిలుస్తాను. కావాలని ఒకటి తప్పు పిలుస్తాను, వాళ్ళు నవ్వుతారు. అందరూ అయ్యాక గోరింకని పిలిస్తే, అక్కడక్కడ నెరిసిన తల వంచి, "ఉన్నాను మావయ్యా, నా బాకీ మాటేమిటి?" అంటుంది. ఆ రోజు ఆ పిల్ల చీకటి గది దగ్గరే ఆగిపోయింది. బయటపడ్డవాటి గది చూడలేదు. అలాంటి ప్రదర్శన మళ్ళీ మావైపు రాలేదు. అందులో ఏమీ లేదే, తాబేలు, మొసలి, ఒక నాటుకోడి అంతే అని ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు. చూపిస్తేనే చెల్లు అంటుంది. అందుకని ముప్పై ఎక్కాలు వచ్చిన నేను, ఈనాటికీ తీర్చలేకపోయిన అంకె ఇది: ఒక గది. కోడితో సహా.