ఉదజని పాఠం

జిల్లా సైన్సు టీచర్ల సమావేశానికి నన్ను పంపుతున్నామని హెడ్మాస్టరు చెప్పినప్పుడు నేను చేసిన మొదటి పని, కుడిచేతిని కొంగు కింద దాచుకోవడం. ఆ చేతి మీద మూడు వారాల కిందటి గాజు గాటు ఇంకా పూర్తిగా మానలేదు.

"బళ్లారిలో రెండు దినాలమ్మా. తాలూకాకి ఒకరు పాఠం చేసి చూపియ్యల్ల. మన తాలూకాకి ఉదజని తయారీ వచ్చిండాది. బీఎస్సీ చదివింది ఈడ నువ్వొక్కదానివే. నువ్వే పోవల్ల" అన్నాడాయన.

"వేరే ఎవరినైనా పంపండి సార్" అన్నాను.

"ఎందుకు? ఏమైంది?"

"ఏం లేదు సార్, పోతా" అన్నాను.

అప్పుడు నాకు ఇరవైనాలుగేళ్లు. మాది సిరుగుప్ప. అనంతపురంలో చదువుకుని వచ్చి, ఊళ్లోని ఉన్నత పాఠశాలలో తెలుగు సెక్షన్లకు సైన్సు చెప్తున్నాను. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసి ఏడెనిమిదేళ్లయింది. ఆఫీసు కాగితాలన్నీ కన్నడంలోకి మారుతున్నాయి. వీధిలో కన్నడం మాట్లాడతాను కానీ, ఆ భాషలో పాఠం చెప్పడం నాకు రాదు. ఇంట్లో వాళ్లు నా భయం అదే అనుకున్నారు. నేనూ అదే అని చెప్పాను.

అసలు సంగతి వేరు. మూడు వారాల కింద తొమ్మిదో తరగతిలో నేను ఇదే ఉదజని, అంటే హైడ్రోజన్ వాయువు, తయారు చేశాను. ఫ్లాస్కులో జింకు ముక్కలు వేసి, పల్చని గంధకామ్లం పోసి, సన్నమూతి గొట్టంలోంచి వచ్చే వాయువును వెలిగించాలి. లోపలి గాలి కలిసుంటే పేలుతుంది, అదంతా బయటికి పోయేదాకా ఆగి మరీ వెలిగించాలి. ఆ మాట పిల్లలకు నేనే బోర్డు మీద రాయించాను. కానీ పీరియడు అయిపోవస్తోంది, పిల్లలు మంట చూపించమని గోల చేస్తున్నారు. ఆగలేదు. అగ్గిపుల్ల గీశాను.

ఆ చప్పుడు ఎలాంటిదో ఇప్పటికీ చెప్పలేను. గది గోడలన్నీ ఒక్కసారి నన్ను కొట్టినట్టనిపించింది. కళ్లు తెరిచేసరికి నా చేతిలో ఫ్లాస్కు మెడ ముక్క మాత్రం ఉంది. ముందు బెంచీలో ఒక పిల్ల ముఖం మీద చేతులు పెట్టుకుని ఉంది. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది. ఆ చేతులు తీయమని అడగడానికి నాకు నోరు రాలేదు. తీస్తే కన్ను ఉంటుందో ఉండదో.

కన్ను ఉంది. గాజు కనుబొమ్మ మీద కోసుకుపోయింది. ఒక వేలి వెడల్పు కిందికి వచ్చి ఉంటే ఏమయ్యేదో.

ఆ రోజు హెడ్మాస్టరు ఊళ్లో లేడు. నేనూ, మా అటెండరూ ఆ పిల్లను ఆస్పత్రికి తీసుకుపోయాం. కాంపౌండరు రెండు కుట్లు వేశాడు. ఆ పిల్లది కాలువల కింద వరి పండించడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వాళ్లుండే పల్లెను అందరూ క్యాంపు అంటారు. కుట్లు వేస్తున్నప్పుడు ఏడవని పిల్ల, బయటికి వచ్చాక నా ముఖం చూసి అంది:

"మెట్టు మీద పడ్డానని చెప్తాలెండి టీచరుగారూ. మీరు భయపడకండి."

ఆ మాటకు నేను వద్దనలేదు. పద్నాలుగేళ్ల పిల్ల నా కోసం అబద్ధమాడతానంటే, ఊరుకున్నాను. అటెండరు గాజు ముక్కలన్నీ ఊడ్చి పెరట్లో పాతిపెట్టాడు, బయట చెప్పబోమని తరగతి పిల్లలందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. "ఎవురికీ తెల్దు టీచరమ్మా. నువ్వు నోరు మెదపొద్దు" అన్నాడు. ముసలివాడు, మంచివాడు. నా మేలు కోరే అన్నాడు.

ఆ మర్నాటి నుంచి అగ్గిపెట్టె చప్పుడు వింటే నాకు ఒళ్లు జలదరించేది. ఇంట్లో పొయ్యి ముట్టించమంటే తమ్ముణ్ణి పిలిచేదాన్ని. అలాంటి దాన్ని అంతమంది టీచర్ల ముందు అదే ప్రయోగం చేయమన్నారు.

సమావేశం రోజు పొద్దున్నే బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని పాఠాన్ని కన్నడంలో వల్లె వేసుకున్నాను. మన ఉదజనిని కన్నడంలో జలజనక అంటారు. జలజనక, జలజనక అని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. బళ్లారి కొండ కనబడగానే ఆ మాట కూడా మర్చిపోయాను.

సమావేశం ఒక హైస్కూలు హాల్లో జరిగింది. కోట్లు, ధోవతులు, నల్ల టోపీలు. ఆడవాళ్లం ముగ్గురమే. మిగతా ఇద్దరూ బళ్లారి వాళ్లు, కన్నడంలో గలగలా మాట్లాడుకుంటున్నారు. నా పేరు రాసిన కాగితం ముక్క గుండుసూదితో భుజానికి గుచ్చారు. అది గుచ్చుకుంటున్నా సరిచేసుకోలేదు. ఎవరూ నన్ను చూడకపోతే చాలనిపించింది.

పొద్దున ఉపన్యాసాలు. కొబ్బరి చిప్పలతో తక్కెడ ఎలా చేసుకోవాలో ఒకాయన చూపించాడు. అందరూ సరదాగా నవ్వారు. పారిభాషిక పదాలు తెలుగులో ఉండాలా, కన్నడంలోనా, ఇంగ్లీషులోనా అని గంటసేపు వాదించుకున్నారు. నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. వేదిక పక్కన బల్ల మీద పెట్టిన ఫ్లాస్కు వైపే చూస్తూ కూర్చున్నాను. అది మా బడిలో ఉన్నదానికన్నా పెద్దది. లోపల గాలి ఎక్కువ పడుతుంది. ఆ గాలి పోవడానికి ఎక్కువసేపు పడుతుంది. భోజనంలో చిత్రాన్నం పెట్టారు. రెండు ముద్దలు తిని ఆకు మడిచాను.

మధ్యాహ్నం మూడో పాఠం నాది. అధ్యక్షత వహించిన అధికారి ధార్వాడ వైపు మనిషి. పెద్ద వయసు, గట్టి గొంతు. నేను బల్ల దగ్గర నిలబడి జింకు ముక్కలు తీస్తుంటే రెండు జారి కింద పడ్డాయి. "జలజనక" అనబోయి "ఉదజని" అన్నాను. వెనకెవరో నవ్వారు.

"హెదరబ్యాడ్రి. తెలుగినల్లే హేళ్రి" అన్నాడు అధికారి. భయపడొద్దు, తెలుగులోనే చెప్పండి అని.

ఆమ్లం పోశాను. బుడగలు లేచాయి, కానీ మెల్లగా. ఆమ్లం మరీ పల్చగా కలిపినట్టున్నారు. గొట్టం మూతి నీళ్లలో పెట్టి, ఒక పరీక్షనాళికలో వాయువు పట్టాను. అది తీసుకుని, ఫ్లాస్కుకు దూరంగా జరిగి, ముందే వెలిగించి పెట్టిన సారాయి దీపం దగ్గర చూశాను. టప్‌మని పెద్దగా పేలింది. గాలి ఇంకా ఉందన్నమాట. ఇంకో నాళిక పట్టాను. అదీ పేలింది.

హాల్లో కుర్చీలు కదిలాయి. అధికారి గడియారం చూసుకున్నాడు. ఇంకా నాలుగు పాఠాలున్నాయి.

"సాకు, హచ్చ్రి" అన్నాడు. చాలు, వెలిగించండి అని.

"ఇంకొంచేపు సార్."

మూడో నాళిక పట్టడానికి వంగాను. ఇంతలో ఆయనే లేచి వచ్చాడు. కోపంతో కాదు, నాకు సాయం చేద్దామనే అనుకుంటాను. గొట్టం మూతిని నీళ్లలోంచి పైకి తీసి, జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు మెడలు చాచారు. ఆ మెడల మీద ముఖాలు, ఆ ముఖాల్లో కళ్లు. నాకు అవే కనిపించాయి.

పుల్ల గీసిన చప్పుడు వినబడింది.

"వద్దు సార్!" అని అరిచాను. అరిచి, రెండు చేతులతో ఫ్లాస్కును పట్టుకుని గుండెకు అదుముకుని వెనక్కి జరిగాను. కొంచెం ఆమ్లం చీర మీద ఒలికింది. ఆయన చేతిలో పుల్ల కాలిపోయి ఆరిపోయింది.

"ఏనాయ్తు?" అన్నాడు. ఏమైందని.

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది పుస్తకాల తెలుగు కాదు, మా ఇంటి తెలుగు.

"మూడు వారాల కింద మా బడిలో ఇట్లే తొందరపడి ముట్టిస్తి సార్. ఫ్లాస్కు పగిలిపాయ. ఒక పిల్లకి కన్ను పోవల్సింది, కనుబొమ్మ మీద తగిలె. మెట్టు మీద పడినానని ఆ పిల్ల ఇంట్లో అబద్ధం చెప్పింది. నేను ఎవురికీ చెప్పలే. మా హెడ్మాస్టరుకీ చెప్పలే. నాకు భయంగా ఉండాది సార్. ఇప్పుడూ భయంగానే ఉండాది."

అన్నాక ఉద్యోగం పోయిందనుకున్నాను. అధికారి అగ్గిపెట్టె బల్ల మీద పెట్టి, నా వైపు కాకుండా ఫ్లాస్కు వైపు చూస్తూ నిలబడ్డాడు.

వెనక వరుసలోంచి ఒక ముసలి మాస్టారు లేచాడు. కుడతిని నుంచి వచ్చినాయన. ఎడమచేయి పైకెత్తి చూపించాడు. చూపుడువేలు సగమే ఉంది.

"సోడియం తల్లీ. పదేండ్లాయ. కట్టెలు కొడతాంటే తెగిందని అందరికీ చెప్తాండా. నా పెండ్లానికి గూడా అదే చెప్పినా" అన్నాడు. చెప్పి, ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నాడు.

ఆ తర్వాత ఇంకొకాయన లేచాడు. భాస్వరం ముక్క జేబులో వేసుకున్న పిల్లవాడి సంగతి చెప్పాడు. ఇంకెవరో ఆమ్లం కళ్లలో పడ్డ సంగతి. కన్నడంలో కొందరు, తెలుగులో కొందరు. అందరూ లేవలేదు. "ఈమెదు యావ శాలె?" అని ఒకాయన పక్కవాణ్ణి అడిగి నా బడి పేరు పుస్తకంలో రాసుకోవడం కూడా చూశాను.

అధికారి అందరినీ మాట్లాడనిచ్చాడు. చివరికి నాతో, "నిదానవాగి ముగిస్రి" అన్నాడు. నిదానంగా పూర్తి చెయ్యండి అని. ఐదో నాళికకు చప్పుడు లేకుండా మెత్తగా అంటుకుంది. ఫ్లాస్కుకు తడిగుడ్డ చుట్టి, ముందు వరుసను వెనక్కి జరగమని, వెలిగించాను. చప్పట్లు కొట్టారో లేదో నాకు గుర్తులేదు.

రెండో రోజు సమావేశానికి ఆగలేదు. కబురు నాకన్నా ముందు ఊరు చేరుతుందని భయం. మధ్యాహ్నం సిరుగుప్పలో బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా క్యాంపుకు నడిచాను. ఆ పిల్ల తల్లి ఇంటి ముందు కళ్లంలో వడ్లు తిరగబోస్తోంది. ఎండలో నిలబడే అంతా చెప్పాను.

ఆమె చేతిలోని చేట కింద పెట్టింది. "మెట్టు మీద పడిందనుకున్నామండీ. ఆ మెట్టు కూడా కొట్టించేశారు వాళ్ల నాన్న" అంది. చేతులు దులుపుకుని, "దెబ్బ తగిలితే తగిలింది. మా పిల్లకి అబద్ధం ఎవరు నేర్పారండీ?" అంది.

గుమ్మంలో నిలబడి ఏడుస్తున్న పిల్లను ఆమె చూపుతోటే లోపలికి పంపేసింది. నన్ను కూర్చోమనలేదు. నేనూ కూర్చునేందుకు రాలేదు.

హెడ్మాస్టరు సంజాయిషీ రాయించుకున్నాడు, మందలించాడు. ఉద్యోగం పోలేదు. ఆ పిల్ల మాత్రం బడికి రావడం మానేసింది. ఖాళీగా ఉన్న ఆ ముందు బెంచీ చోటు చూస్తూ పదిరోజులు పాఠం చెప్పాను. ఫ్లాస్కు పగిలిన రోజు కన్నా ఆ పది రోజులూ ఎక్కువ భయపడ్డాను. నా వల్ల ఒక పిల్ల చదువు ఆగిపోతుందేమోనని.

పదకొండో రోజు తల్లే పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. హెడ్మాస్టరు గదికి పోకుండా నేరుగా నా తరగతి గుమ్మంలో నిలబడింది.

"అదేదో నా ముందు చెయ్యండి. నేను చూడాలి. చూశాకే మా పిల్లని కూర్చోబెడతాను" అంది.

హెడ్మాస్టరు అనుమతి తెచ్చుకుని సామాను సర్దాను. పిల్లలందర్నీ గోడ దాకా జరిపాను. ఆమె వెనక్కి జరగనంది. ముందు బెంచీలోనే, చెంగు బిగించి పట్టుకుని కూర్చుంది. నేను నాళిక తరవాత నాళిక పరీక్షిస్తుంటే ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడింది, కానీ లేవలేదు. చివరికి వెలిగించాను. పగటి వెలుతురులో కనబడీ కనబడని సన్నని మంట. దాని మీద చల్లని గాజు గ్లాసు బోర్లించి పట్టుకున్నాను. లోపలంతా సన్నని చెమ్మ పట్టింది.

గ్లాసు ఆమె చేతికిచ్చాను. ఆమె లోపల వేలితో తుడిచి, ఆ వేలి వైపు చూసుకుంది.

"నీళ్లేంటండీ ఇవి? నిప్పులోంచి నీళ్లేంటి?" అంది.

నేను నోరు తెరిచేలోపు ఆమె కూతురు గోడ దగ్గర్నుంచి నడిచి వచ్చి, తల్లి పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.