మా తాతయ్య మూడిళ్ల కొలతలు

బుధవారం ఉదయం చోడవరంలో మా అద్దె ఇంటి వరండాలో ఉన్నవాళ్లు: నాన్న, అత్త, నేను, ఇంటి ఓనరు, పక్కింటివాళ్లు ముగ్గురు. ఉన్నవి: ఒక చాప, తలవైపు దీపం, పళ్లెంలో బియ్యం, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, నా జేబులో టేపు. చాప మీద మా తాతయ్య సింహాద్రి. తెల్లవారాక నాన్న కాఫీ తీసుకెళ్లి పిలిస్తే పలకలేదట. ముందురోజు సాయంత్రమే ఫోన్లో నాతో, "ఆదివారం తప్పకుండా రా బాబూ, టేపు మరిసిపోకు" అన్నారు. నేను అనకాపల్లిలో సైట్ ఇంజనీర్ని. టేపు మరిచిపోలేదు. నాలుగు రోజులు ముందే వచ్చాను.

చెరకు పండించి, బెల్లం వండి బతికిన మనిషి. పుట్టింది రావికమతం దగ్గర పల్లెలో, తాటాకుల ఇంట్లో. అది గాలివానకు పోయింది. పెళ్లయ్యాక రోలుగుంటలో పెంకుటిల్లు కట్టారు. అక్కడిప్పుడు ఒక్క గోడే ఉంది. తర్వాత చోడవరంలో కట్టిన డాబాను అమ్మేశాం. మూడు సొంతిళ్లలో బతికి, నాలుగోదైన అద్దె ఇంట్లో పోయారు.

డాబా అప్పగించే రోజు చీపురు పట్టుకుని గదిగదీ ఊడ్చారు. కొన్నవాళ్లు మర్నాడే కూల్చేస్తారని అందరికీ తెలుసు. "కూల్చేదానికి ఊడుపేటి నాన్నా?" అని అత్త నవ్వింది. "కూల్సుకుంటే ఆళ్లిష్టం. మురికిల్లు ఇచ్చేసి పోయేడని నన్ననకూడదే" అన్నారు. గుమ్మం కూడా కడిగాకే తాళం ఇచ్చారు.

అద్దె ఇంటికి వచ్చాక నన్ను ఒకటే అడిగారు. "నా మూడిళ్లూ కాయితం మీదెట్టరా. నేనెక్కడ తిరిగేనో మీకు తెలవాల." ఏ గది ఎన్ని మూరలో ఆయనకు నోటికొచ్చు. నేను మూరకు పద్దెనిమిది అంగుళాలు వేసి, రోలుగుంట ఇల్లు గీసి, ప్రింటు తీసి ఇచ్చాను. చాలాసేపు చూశారు. "ఇదెవలిల్లురా గుంటడా? మనం జమీందార్లమేటి? నడవలో మంచమేస్తే మీ మామ్మ ఒళ్లు పక్కకి తిప్పుకుని నడిసేది. ఇందులో ఎడ్లబండి తిరిగిపోద్ది!"

రోలుగుంట వెళ్లి మిగిలిన గోడను కొలిచాను. పదకొండు మూరల గోడ నూట ఎనభై ఏడు అంగుళాలే వచ్చింది. మూరకు పదిహేడు. ఆ మాట చెబితే పగలబడి నవ్వారు. "మూర ఎవలదని అడగవేట్రా? ఇంత సదువు సదివేవు! ఇల్లు కొలిసేది ఇంటి ఆడదాని సేత్తో. మేస్త్రీ తాడు పట్టుకుంటాడు, ఆవిడ సెయ్యి సాపుద్ది." మా మామ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆవిడ చేతి పొడవు నాకు ఆ గోడ చెప్పింది. చోడవరం డాబా కొలిచిందీ ఆ చేత్తోనే. రెండిళ్లూ ఆ లెక్కన గీశాను. ఈసారి తాతయ్య కాగితం మీద వేలు పెట్టి, గుమ్మం నుంచి పెరటిదాకా మెల్లగా నడిపించారు.

తాటాకుల ఇల్లు ఒక్కటే మిగిలింది. ఏది ఎన్ని మూరలో ఆయన చెబితే రాసుకున్నాను. దాన్ని కొలిచింది తాతయ్య తల్లి చేత్తో. ఆవిడను చూసినవాళ్లు ఆయన తప్ప ఎవరూ లేరు. గోడా లేదు. "నా పెళ్లి పందిరికి ఇద్దరం సేతులు సాపేం. మాయమ్మ మూర నా మూరకి రెండు వేళ్లు తక్కువ. నా సెయ్యి కొలిసి రెండేళ్ల మందం తీసెయ్. సాలదా?" అన్నారు. ఆ ఆదివారం అందుకే రమ్మన్నారు.

స్నానం చేయించడానికి ముందు టేపు తీశాను. "నాన్నని కొలుస్తన్నావేట్రా? మతిపోయిందేటి నీకు?" అని అత్త నా చెయ్యి పట్టుకుంది. నాన్న తలెత్తకుండానే, "ఒగ్గియ్యే, కొలవనీ" అన్నారు. తాతయ్య కుడిచెయ్యి చాపడం కష్టమైంది. అత్తే మోచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టి పట్టుకుంది. మోచెయ్యి నుంచి నడిమివేలి కొస వరకు పదిహేడుముప్పావు. రెండు వేళ్ల మందం ఒకటిన్నర.

పదకొండో రోజు అయ్యాక ఆ ఇల్లు గీశాను. రెండు గదులు, ఒక వసారా, ఆయన పుట్టిన తూర్పు మూల. ప్రింటు తీసి నాన్నకు చూపిస్తే, "బాగుందిరా" అన్నారు. అత్తా అదే అంది. వాళ్లు ఆ ఇల్లు చూడలేదు. ఇది మనిల్లు కాదురా అని నన్ను ఎగతాళి చేయగలిగిన ఒక్క మనిషికి ఈ మూడు కాగితాలూ సమర్పిస్తున్నాను. ఇక వీటిలో తప్పుంటే తప్పుగానే ఉండిపోతుంది.

మూడో కాగితం అడుగున కొలమానం రాశాను. ఒక మూర: పదహారుంబావు అంగుళాలు.